ఉగాదికి ఇకెబానా: వేపపూత ఉండగా చెర్రీ కొమ్మ ఎందుకు?

ఇది ఉగాది సంచిక కాబట్టి, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పండగ గురించి అడిగినవాటినే ముందు తీసుకున్నాను. అన్నీ బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళు రాసినవే. జపాన్ పద్ధతిలో కొమ్మలూ పూలూ అమర్చే ఇకెబానా నేర్పడం మొదలుపెట్టినప్పుడు తెలుగిళ్ళ నుంచి ఎవరైనా వస్తారా అనుకునేదాన్ని. ఇప్పుడు ఇన్ని ప్రశ్నలు చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఒక జపాన్ కుటుంబం ఉంటోంది. మార్చి 3న వాళ్ళింట్లో బొమ్మల పండగ అంటే వెళ్ళాను. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు, పక్కన కుండీలో గులాబీ రంగు పూల కొమ్మ. గుడ్డతో చేసిన పూలట. దానికి తోడు పసుపు పూలు కొన్ని. అచ్చం మన బొమ్మల కొలువే! ఉగాదికి వాళ్ళను భోజనానికి పిలిచాను. హాల్లో ఇకెబానా పెట్టి చూపించాలని ఉంది, నాకిదే మొదటిసారి. చెర్రీ, పైన్ కొమ్మలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి? దొరక్కపోతే ప్లాస్టిక్‌వి పెట్టవచ్చా?
— ఒక గృహిణి, వైట్‌ఫీల్డ్

జవాబు: ప్లాస్టిక్ వద్దమ్మా. చెర్రీ, పైన్ కొమ్మల కోసం ఊరంతా తిరగనూ వద్దు. మీకు కావలసిన కొమ్మ మీ అపార్ట్‌మెంట్ గేటు లోపలే ఉండే అవకాశం ఎక్కువ.

మీరు చూసినది హినమత్సురి, ఆడపిల్లల పండగ. ఆ గులాబీ రంగు పూలు పీచ్ పూలు, పసుపువి మన ఆవపూల జాతివి. ఆ రోజున ఆ రెండూ కలిపి పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. జపాన్‌లో ఏ పండగకు ఆ పండగ కొమ్మ ఉంటుంది. కొత్త సంవత్సరానికి పైన్, వెదురు, ప్లమ్. మే 5న ఐరిస్ జాతి మొక్కలు. సెప్టెంబర్ 9న చామంతి. పండగ ఏదో చెప్పడానికి వేరే మాటలు అక్కర్లేదు, గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్ళకు ఆ కొమ్మే చెప్పేస్తుంది.

ఒక సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. ఒకప్పుడు జపాన్‌వాళ్ళు కూడా చాంద్రమానం ప్రకారమే పండగలు చేసుకునేవాళ్ళు. మూడో నెల మూడో రోజు వచ్చేసరికి పెరట్లో పీచ్ చెట్టు పూసి ఉండేది. 1873 జనవరి 1 నుంచి వాళ్ళు ఇంగ్లీషు క్యాలెండర్‌కు మారిపోయారు. పండగ తేదీ అంకె అదే ఉండిపోయింది కానీ రోజులు ముందుకు జరిగాయి. మార్చి 3 నాటికి అక్కడ ఇంకా చలి, ఆరుబయట పీచ్ పూయదు. అందుకే వెచ్చటి గదుల్లో ఉంచి ముందుగా పూయించిన కొమ్మలు పూల దుకాణాల్లో అమ్ముతారు. మన ఉగాదికి ఆ తిప్పలు లేవు. చైత్ర శుద్ధ పాడ్యమి వచ్చిందంటే వేప పూతకు వచ్చి ఉంటుంది, మామిడి పిందె వేసి ఉంటుంది. పండగా, చెట్టూ ఇంకా కలిసే నడుస్తున్నాయి. అలాంటి పండగ మనకు ఉండగా గుడ్డ చెర్రీలు, ప్లాస్టిక్ పైన్లు ఎందుకు? రోజూ మీ తల మీదుగా పూత రాల్చే వేపచెట్టును మీ పొరుగింటివాళ్ళకు ఒకసారి దగ్గరగా చూపించండి. వాళ్ళకు అంతకంటే మంచి మర్యాద ఉండదు.

ఇలా చేస్తే ఇకెబానా అనిపించుకోదేమో అని అనుమానం వద్దు. నేను నేర్చుకున్నది సోగెట్సు పద్ధతి. 1927లో సోఫు తెషిగహారా దాన్ని మొదలుపెట్టారు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరైనా, ఏ వస్తువుతోనైనా ఇకెబానా చేయవచ్చన్నది ఆ శాఖవాళ్ళు చెప్పే మాట. సోగెట్సు ఒక్కటే కాదు, ఏ శాఖలోనైనా మొదట నేర్పేది ఇప్పుడు ఏ రుతువు నడుస్తోందో, మన చుట్టూ ఏం పూస్తోందో చూడమనే.

ఇక పని సంగతి. ప్రధానమైన కొమ్మ మామిడి పెట్టుకోండి. ఈ నెలలో మామిడి రెమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. కింద ముదురాకులు నల్లబారిన ఆకుపచ్చలో, గట్టిగా, అంచు కాస్త వంకరగా ఉంటాయి. కొసన కొత్త చిగురు రాగిరంగులో మెత్తగా వేలాడుతూ ఉంటుంది, వేలితో తాకితే నూనె పూసినట్టు జారుతుంది. రెండిటి మధ్య ఎండిపోయిన పూతకాడ ఒకటి, దానికి గోళీకాయంత పిందె. పోయిన ఏడు, ఈ ఏడు, రాబోయే కాయ, మూడూ ఒక్క రెమ్మ మీదే ఉన్నాయి. అన్నిటికంటే పాతదైన ఇకెనొబో శాఖలో సరిగ్గా దీన్నే చూడమంటారు. సగం విచ్చిన పువ్వు వర్తమానం, మొగ్గ భవిష్యత్తు, ఎండుకాయా ఎండుటాకూ గడిచిన కాలం. మన ఉగాది తోరణం కట్టే కొమ్మలో అవన్నీ ఉన్నాయి. తోరణానికి మాత్రం ఆకులు తుంచి దారానికి గుచ్చేస్తాం, కొమ్మను చూడం.

రెమ్మను వెలుతురులో పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ఆకుల పైముఖం, అంటే ఎండకు తిరిగి ఉండే వైపు, ఎక్కువగా కనిపించేదే కొమ్మకు ముందు భాగం. అది చూసేవాళ్ళవైపు రావాలి. తర్వాత ఆకులు తీయాలి. మొదటిసారి చేసేవాళ్ళకు చేయి ఆడనిది ఇక్కడే. పాడైన ఆకు, ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకు, కొమ్మ వంపును కప్పేస్తున్న ఆకు తీసేయండి. మూడో వంతు పోయినా భయపడకండి. ముగ్గులో గీతకూ గీతకూ మధ్య నేల కనిపిస్తేనే ముగ్గు కదా, ఇక్కడా అంతే. ఆకుకూ ఆకుకూ మధ్య గోడ కనిపించాలి. ఆ ఖాళీని జపాన్‌వాళ్ళు ‘మా’ అంటారు. కొమ్మను ఎంత శ్రద్ధగా పెడతారో ఖాళీని కూడా అంతే శ్రద్ధగా పెడతారు.

మామిడి కోసిన చోట సొన కారుతుంది. చర్మానికి తగిలితే కొందరికి పొక్కుతుంది. కోసిన వెంటనే కాడ చివరను నీళ్ళ కింద కడిగేయండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

రెండో కొమ్మ వేప. పూత పూర్తిగా విచ్చినది కాకుండా సగం మొగ్గల మీద ఉన్నది ఎంచుకోండి. వేపాకు నీళ్ళు లేకపోతే తొందరగా వడలుతుంది కాబట్టి పూతగుత్తి చుట్టూ నాలుగైదు ఆకులుంచి మిగతావి తీసేయండి. అప్పుడు పూత కూడా బాగా కనిపిస్తుంది. వేపపువ్వును ఎంతమంది దగ్గరగా చూసి ఉంటారు? ఎండబెట్టి డబ్బాలో పోసుకునేది, పచ్చడిలో వేసేది అని తప్ప, అయిదు తెల్లటి సన్నని రేకులతో చుక్కలా ఉంటుందని, తేనెవాసన వేస్తుందని మన పిల్లలకు తెలియదు.

ఆ రెండిటి మొదట్లో నాలుగైదు పసుపు చామంతులు, కాడలతో, ఎత్తు తగ్గించి. అంతే. ఇంకో రంగు చేర్చాలని చేతులు పీకుతాయి, చేర్చకండి.

ఓపిక ఉంటే ఇంకొకటి చేయవచ్చు. కాయలు, కూరగాయలు పళ్ళెంలో అమర్చే పద్ధతికి జపనీస్‌లో మోరిమోనో అని పేరు. పచ్చడిలో వేసే సరుకునే ఒక అరటాకు ముక్క మీద అమర్చండి. పెద్ద పచ్చిమామిడికాయ ఒకటి, ఒక పక్కకు ఒరిగి. రెండు చింతకాయలు విరగ్గొట్టకుండా. కాడతో ఉన్న పచ్చిమిరపకాయలు. చిన్న బెల్లం అచ్చు. రాతి ఉప్పు చిటికెడు. వేపపూత ఒక రెమ్మ. మీ పొరుగింటావిడ అడిగితే ఒక్కొక్కటీ చూపిస్తూ ఆరు రుచుల కథ చెప్పవచ్చు. తర్వాత అవే చేతికిచ్చి పచ్చడి కలపమనండి.

ప్రశ్న: గాంధీ బజార్‌లో, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో ఎక్కడ చూసినా మూరల లెక్కన దండలు, కిలోల లెక్కన కాడ లేని పూలే. ఇకెబానాకు కాడ కావాలంటారు. మరి ఎలా?
— ఒక పాఠకురాలు, బసవనగుడి

జవాబు: మీరన్నది నిజమే. మన పూల బజారంతా దండ చుట్టూ, పూజ చుట్టూ అల్లుకున్నది. కనకాంబరం, మల్లె, బంతి, విడి చామంతి, ఇవన్నీ తలలే. కేఆర్ మార్కెట్‌లో కాడలతో కట్టలు కట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. తెల్లవారకముందే వెళితే సరుకు తాజాగా ఉంటుంది. చుట్టుపక్కల హోసూరు వైపు తోటల నుంచి గులాబీలు, జెర్బెరాలు వస్తాయి. ‘సుగంధరాజ’ అని అడగండి, మన లిల్లీ పూలు నిలువు కాడలతో ఇస్తారు. పండగలప్పుడు చామంతి కాడల కట్టలూ దొరుకుతాయి. అంత దూరం వెళ్ళలేకపోతే మీ వీధి చివర బొకేలు కట్టే కుర్రాడిని అడగండి. ‘కట్టొద్దు బాబూ, విడిగా ఇవ్వు’ అంటే నాలుగు కాడలైనా ఇస్తాడు.

నా దృష్టిలో అసలు వెతుక్కోవలసింది పూలను కాదు, కొమ్మలను. బెంగళూరులో కొమ్మకు కరువు లేదు. అపార్ట్‌మెంట్ తోటమాలి కత్తిరించి కుప్ప వేసే రోజేదో తెలుసుకోండి. కరివేప, మునగ, నిమ్మ, దానిమ్మ, నందివర్ధనం, మందార, గన్నేరు, ఆ కుప్పలో ఏమైనా ఉంటాయి. గన్నేరు మాత్రం విషం, పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంట్లో వద్దు. వాన పడ్డ మర్నాడు రోడ్డు పక్కన టబేబూయా రెమ్మలు విరిగి పడి ఉంటాయి, అవి ఏరుకోండి. వీధి చెట్ల కొమ్మలు మాత్రం ఎవరూ విరవకండి. లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో ఒక్క ఆకు కూడా కోయకూడదు. పండగ పేరుతో చెట్టును గాయపరిచి, ఆ కొమ్మను హాల్లో అందంగా పెట్టడం నాకు సహించదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఈ మాట మొదటి రోజే చెప్తాను.

ప్రశ్న: యూట్యూబ్‌లో చూసి ఆన్‌లైన్‌లో ముళ్ళదిమ్మ తెప్పించుకున్నాను. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఉరుళిలో పెట్టి కొమ్మలు గుచ్చుతున్నాను. పూలు నిలబడుతున్నాయి కానీ కొమ్మ పెట్టగానే అంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఎంత పొడవు ఉండాలో కూడా తెలియడం లేదు. అతిథులు వచ్చేలోపు పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక ఉద్యోగిని, మారతహళ్ళి

జవాబు: ఉరుళి చాలా మంచి ఎంపిక. బెంగళూరు ఇళ్ళల్లో దాంట్లో నీళ్ళు పోసి పూరేకులు తేలేస్తారు, అందుకే దానికి ఇంకో ఉపయోగం ఉందని ఎవరికీ తోచదు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పాత్రలో కొమ్మలూ పూలూ పెట్టే పద్ధతిని మోరిబానా అంటారు. 19వ శతాబ్దం చివర్లో ఒహారా ఉన్షిన్ దాన్ని తెచ్చారు. అప్పుడప్పుడే జపాన్‌కు వస్తున్న పొట్టికాడల విదేశీ పూలు పాత పొడవాటి కుండీల్లో ఇమడకపోతే, ఆయన పాత్రనే మార్చేశారు. మీరు ఉరుళి తీసుకోవడం కూడా అదే దారి.

మీరు ముళ్ళదిమ్మ అన్నదాని పేరు కెన్‌జాన్. సీసం దిమ్మ మీద ఇత్తడి సూదులు. మీది తేలికది అయి ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. కొత్తది కొనేలోపు ఒక ఉపాయం చెప్తాను. రెండో చిన్న కెన్‌జాన్ ఉంటే దాన్ని తలకిందులుగా, కొమ్మ వాలుతున్న దిక్కుకు ఎదురుగా, మొదటిదాని అంచు మీద సూదుల్లోకి సూదులు దిగేలా పెట్టండి. ఆ బరువుకు ఒరగడం ఆగిపోతుంది. అడుగున తడిగుడ్డ ముక్క గానీ పాత రబ్బరు ముక్క గానీ వేస్తే జారదు, ఇత్తడికి గీతలూ పడవు.

కొమ్మ గుచ్చే తీరు కూడా చూసుకోవాలి. పువ్వు కాడను అడ్డంగా, సమంగా కోయండి. కొమ్మను ఏటవాలుగా కోయండి. చాలామంది కొమ్మను వాల్చవలసిన కోణంలోనే నేరుగా గుచ్చడానికి చూస్తారు, అప్పుడు పట్టు దొరకదు. ముందు నిటారుగా సూదుల మధ్యకు గట్టిగా దించండి. అడుగు తగిలాక, మొదట్లోనే పట్టుకుని, కావలసిన దిక్కుకు మెల్లగా వంచండి. కొమ్మ లావుగా ఉంటే కోసిన చివరను నిలువుగా ఒకటి రెండు గాట్లు పెట్టండి, సూదులు సులువుగా దిగుతాయి.

ఇక పొడవు. సోగెట్సులో మూడు ప్రధానమైన గీతలు: షిన్, సోయె, హికాయె. పాత్ర వెడల్పూ లోతూ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు షిన్. షిన్‌లో ముప్పాతిక సోయె. సోయెలో ముప్పాతిక హికాయె. మీ ఉరుళి అడ్డంగా 28 సెంటీమీటర్లు, లోతు 6 ఉందనుకుందాం. మొత్తం 34. షిన్ 51 సెంటీమీటర్లు, సోయె దాదాపు 38, హికాయె 28, 29 మధ్య. మొదటి పాఠంలో షిన్‌ను నిటారు నుంచి 15 డిగ్రీలు, సోయెను 45, హికాయెను 75 డిగ్రీలు వాలుస్తాం. షిన్, సోయె ఒక పక్కకు, హికాయె రెండో పక్కకు, మూడూ కాస్త మీ వైపుకు. మామిడి షిన్, వేప సోయె, చామంతి హికాయె పెట్టుకోండి. కెన్‌జాన్ మధ్యలో కాకుండా ఒక పక్కకు జరపండి, మిగిలినచోట నీళ్ళు కనిపించనివ్వండి. ఈ ఎండల్లో నీళ్ళు కనిపించడమే కంటికి సగం చల్లదనం. సూదులు బయటికి కనిపిస్తుంటే రెండు పొట్టి రెమ్మలు అడ్డం పెట్టండి, గులకరాళ్ళు పోయకండి.

మొదట్లో టేపు పెట్టి కొలవండి, సిగ్గుపడకండి. కొన్నాళ్ళకు కన్నే కొలుస్తుంది.

ఆకుపచ్చ స్పాంజ్ దిమ్మ వాడమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అది ప్లాస్టిక్, పొడిపొడిగా రాలి నీళ్ళల్లో కలుస్తుంది, మట్టిలో కలవదు. కెన్‌జాన్ ఒకసారి కొంటే మీ మనవరాలికి కూడా పనికొస్తుంది.

ప్రశ్న: అక్కా, పోయినసారి మీ శీర్షికలో చదివి ఒక ఎండుకొమ్మ, రెండు లిల్లీలు పెట్టాను. మా అత్తయ్య చూసి, పండగ పూట ఇంట్లో ఎండుకొమ్మ ఏంటమ్మా, అరిష్టం అన్నారు. నాకు బాధ వేసింది. ఆవిడకు ఎలా చెప్పాలి?
— ఒక కోడలు, కోరమంగళ

జవాబు: బాధపడకు చెల్లీ. ఆవిడ మాట కొట్టిపారేయాల్సిందేమీ కాదు. జపాన్‌లో కూడా ఇలాంటి పట్టింపులు చాలా ఉన్నాయి. కొత్త సంవత్సరం అలంకరణ డిసెంబర్ 31న పెట్టరు. ఒక్క రాత్రి ముందు హడావిడిగా పెడితే రాబోయే దేవుడికి అమర్యాద అంటారు. కమీలియా పువ్వు రేకులుగా కాకుండా తలతో సహా ఊడి పడుతుంది కాబట్టి జబ్బుపడ్డవాళ్ళను చూడబోతూ దాన్ని పట్టుకెళ్ళరు. పూలతో బతికేవాళ్ళు పట్టింపుల్ని కూడా గౌరవిస్తారు.

ఎండుకొమ్మకూ ఇకెబానాలో పెద్ద చోటే ఉంది. 16వ శతాబ్దంలో ఇకెనొబో సెన్నో అన్నాయన వాడిన కొమ్మలోనూ చూడవలసిన అందం ఉందని శిష్యులకు రాసి ఇచ్చారు. అది మామూలు రోజుల్లో నీ గదిలో పెట్టుకో. ఉగాది నాడు మాత్రం చిగురున్న కొమ్మ పెట్టు. మన పండగే చిగురు పండగ. మార్చిలో కానుగ చూశావా? ఆకంతా రాల్చి, మళ్ళీ లేత ఆకుపచ్చతో మెరిసిపోతూ ఉంటుంది. కింద బోడిగా ఉండి కొసన మాత్రమే చిగురు వేసిన కానుగ కొమ్మ ఒకటి తెచ్చి, ఏ ఆకు ఉంచాలో ఏది తీయాలో మీ అత్తయ్యనే అడుగు. ఎన్నో ఏళ్ళుగా మామిడాకుల్లో మంచిదేదో, తమలపాకుల్లో లేతదేదో ఏరిన చేయి ఆవిడది. ఆకును చూసే కన్ను మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఉన్నట్టు ఇంకెవరికీ లేదు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. శనివారాలు ఇకెబానా నేర్చుకోవాలని ఉంది. క్లాసుల ఫోటోల్లో అందరూ ఆడవాళ్ళే కనిపిస్తున్నారు. మగవాళ్ళకు చెప్తారా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: తప్పకుండా చెప్తారు. ఈ విద్య కొన్ని వందల ఏళ్ళు మగవాళ్ళ చేతుల్లోనే ఉంది. క్యోటోలో రొక్కకుదో అనే గుడి ఉంది. అక్కడి పూజారి ఇకెనొబో సెంకెయి పెట్టిన పూలు చూడటానికి ఊళ్ళో రసికులంతా ఎగబడ్డారని 1462లో ఒక సన్యాసి తన దినచర్యలో రాసుకున్నాడు. సమురాయ్‌లు నేర్చుకున్నారు. ఒహారా ఉన్షిన్ శిల్పం నేర్చుకున్నవారు. బడిలో ఆడపిల్లలకు పాఠంగా పెట్టడం మెయిజీ చక్రవర్తి కాలం (1868–1912) నుంచి బాగా పెరిగింది. నిస్సంకోచంగా వెళ్ళండి. మంచి తోట కత్తెర ఒకటి కొనుక్కుని వెళ్ళండి.

ప్రశ్న: బెంగళూరులో ఎవరి దగ్గర చేరాలి? ఏ శాఖ మంచిది? ఎన్నాళ్ళకు వస్తుంది?
— ఇద్దరు స్నేహితురాళ్ళు, జేపీ నగర్

జవాబు: పేర్లు ఇక్కడ రాయను, పత్రికలో ఒకరి పేరు చెప్పడం మిగతావాళ్ళకు న్యాయం కాదు. ఎలా ఎంచుకోవాలో చెప్తాను.

జనవరి 26, ఆగస్టు 15 రోజుల చుట్టూ లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. అందరూ గ్లాస్ హౌస్‌లో పూల బొమ్మల ముందు సెల్ఫీలు తీసుకుని వచ్చేస్తారు. మీరు మరిగౌడ హాల్‌కు కూడా వెళ్ళండి, ఇకెబానా పోటీలు, ప్రదర్శన ఉండేది అక్కడే. ఊళ్ళో నేర్పేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు చాలామంది అక్కడ కనిపిస్తారు. ఎవరి అమరిక దగ్గర మీ కాళ్ళు ఆగిపోయాయో చూసుకుని, మీరెవరి దగ్గర నేర్చుకున్నారండీ అని అడగండి. బెంగళూరులో జపాన్ హబ్బ (జపాన్ సంస్కృతి ఉత్సవం) జరిగినప్పుడు కూడా వెళ్ళి చూడండి.

పెద్ద శాఖలు మూడు: ఇకెనొబో, ఒహారా, సోగెట్సు. మంచి చెడ్డల తేడా కాదు, మనసు తేడా. పాత నియమాలు, నిలువు గీతలు ఇష్టమైతే ఇకెనొబో. చెరువు గట్టునో కొండవాలునో పళ్ళెంలో చూడాలనుకుంటే ఒహారా. ఇనుము, గాజు, కూరగాయలు ఏవైనా వాడి కొత్తగా చేయాలనుంటే సోగెట్సు. టీచర్‌కు ఆ శాఖవాళ్ళు ఇచ్చిన సర్టిఫికెట్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఒక క్లాసు కూర్చుని చూస్తానని అడగండి. మీరు పెట్టింది చూసి టీచర్ ‘బాగుంది’ అని వెళ్ళిపోతే ఆ చోటు మీకు కాదు. ఎదురుగా కూర్చుని, ఒక కొమ్మ తీసి, నాలుగు డిగ్రీలు తిప్పి మళ్ళీ పెట్టి, ఎందుకు తిప్పానో చెప్పే టీచర్ కావాలి. నా గురువుగారు మాట్లాడేది తక్కువ. ఒక్క ఆకు తుంచేవారు, అమరిక మొత్తం ఊపిరి పీల్చుకున్నట్టుండేది. క్లాసు అయిపోయాక అమరిక విప్పేసి, అవే కొమ్మలు కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుని మళ్ళీ పెట్టాలి. పాఠం వంటబట్టేది ఆ రెండోసారే. ఫీజులో పూల ఖర్చు కలిపి ఉందో లేదో మాత్రం ముందే అడగండి.

ఎన్నాళ్ళన్నదానికి, ఉగాదికి అతిథుల ముందు ధైర్యంగా పెట్టేంత కొన్ని పాఠాల్లోనే వస్తుంది. నేను ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను, నాకు అందులోనే ఆనందం.

ప్రశ్న: ఆంటీ, నేను ఆరో క్లాసు. ఉగాదికి హిందూపురం దగ్గర మా బామ్మ వాళ్ళ ఊరు వెళ్తున్నాం. అక్కడ ఆకుల్లేని చెట్టుకు ఆరెంజ్ కలర్ పూలు ఉంటాయి. ఆ కొమ్మతో ఇకెబానా చేసి మా స్కూల్లో పెట్టాలని ఉంది. తెచ్చేలోపు పాడైపోతుందా?
— ఒక విద్యార్థిని, హెబ్బాళ

జవాబు: బంగారుతల్లీ, అది మోదుగ. ఎంత మంచి కొమ్మను చూశావు! ఆకు అడ్డం లేదు, నల్లని వంకర కొమ్మ, దాని మీద చిలకముక్కుల్లాంటి పూలు. ఇంకే పువ్వూ జతచేయనక్కర్లేదు, ఒక్క కొమ్మ చాలు.

చెట్టు ఎవరిదో తెలుసుకుని అడిగి కోయించు. నువ్వు ఎక్కొద్దు, పెద్దవాళ్ళచేత కోయించు. విప్పారిన పూలు దారిలో రాలిపోతాయి కాబట్టి మొగ్గలు ఎక్కువ ఉన్న సన్న కొమ్మ, నీ చేయి పొడవున్నది చూసుకో. ఎండ ఎక్కకముందు, పొద్దున్నే. కోసిన వెంటనే బకెట్ నీళ్ళల్లో కాడ ముంచి, బయలుదేరేదాకా నీడలో ఉంచు. బయలుదేరేటప్పుడు తడిపిన న్యూస్‌పేపర్ కాడ చివరకు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవర్ వేసి రబ్బరు బ్యాండ్ బిగించు. పూల వైపు పొడి కాగితం వదులుగా చుట్టు. కారు డిక్కీలో పెట్టొద్దు, వేడికి ఉడికిపోతుంది. నీ కాళ్ళ దగ్గర పెట్టుకో.

ఇంటికి రాగానే వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, కాడ చివర నీళ్ళల్లో ఉండగానే నాన్నచేత ఒక అంగుళం మేర కోయించు. గాలి లోపలికి పోకుండా కాడ నీళ్ళు పీల్చుకుంటుంది. దీన్ని మిజుకిరి అంటారు. రాత్రంతా లోతు నీళ్ళల్లో ఉంచు. స్కూల్‌కు తీసుకెళ్ళాక కిటికీ ఎండ తగలని చోట, వెనక ఖాళీ గోడ ఉన్న చోట పెట్టమని టీచర్‌ను అడుగు. రోజూ నీళ్ళు మార్చు, రెండు రోజులకోసారి కాడ కొంచెం కోయించు. రాలిన పూలు పారేయకుండా పళ్ళెంలో వేసి పక్కన పెట్టు. ఫోటో తీసి పంపిస్తే వచ్చే నెల ఈ శీర్షికలో వేయమని సంపాదకులను అడుగుతాను.